పుర్రచెయ్యి

అబ్దలీ తోటల అవతల, మేకల కొట్టంలో దొరికింది.
ముప్పై నాలుగు మోడల్ ఫోర్డు. రెండే తలుపులు.
ఇంజను లేదు, సీట్లు లేవు,
డిక్కీలో ఒక మేక మాత్రం ఈనబోతా ఉండాది.
ఈనిందాకా ఆగినాం, రెండు వారాలు.
మిషారీ రోజూ ఫోన్ చేసి అడిగేవాడు
మేక సంగతి.

షువేఖ్ షెడ్డులో దించితే
గుమ్మం పట్టీల్లోంచి గంటసేపు ఇసుక కారింది.
గుల్ జరీన్ చీపురు పట్టుకుని నిలబడి
"ఎడారి కూడా ఇందులోనే కలిపి కొన్నావా" అన్నాడు.

గీకితే రంగు కింద రంగు.
పైన ఆకాశనీలం, దాని కింద
ఆయిల్ కంపెనీ బూడిద,
దాని కింద ముదురు తమలపాకు పచ్చ,
అడుగున నలుపు, పుట్టినప్పటిది.
ఏ దొర ఓడలో తెప్పించుకున్నాడో,
ఎన్ని పెండ్లిండ్లకు అద్దెకు తిరిగిందో,
మేకల పాలయ్యేముందు.

నేను రాయచోటిలో
లారీల బాడీ షెడ్డున సుత్తి పట్టినోణ్ణి.
లారీకి బలముంటే చాలు.
దీనికట్ల కాదు, రేకు సద్దు వినాల.
ఠంగుమంటే మంచిది.
బొదుక్కుమంటే, లోపల ఎవురో
సీసం పూసి గాయం దాచినారని.

టాపు మూడంగుళాలు కోయమన్నాడు మిషారీ.
తొంభై ఏండ్లు ఎండకు ఓర్చుకున్న తల.
సుద్దముక్కతో గీత గీసినా, తుడిచినా, మళ్లా గీసినా.
ఆ మధ్యాన్నం అన్నం సయించలేదు.
"తల తగ్గితేనే దీనికి పొగరు" అన్నాడు.
నిజమే. అద్దాలు సన్నబడి
కండ్లు చికిలించి చూసినట్టయింది.
ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి,
ఢీకొట్టేముందు తల వంచిన పొట్టేలు.

ఎడమ తలుపు విప్పినప్పుడు
లోపల ఎవురో కొట్టి సరిచేసిన మచ్చలు.
అరచేతికి పాత బనీను గుడ్డ చుట్టుకుని
కండ్లు మూసి తడిమినా.
దెబ్బలన్నీ ఒకే పక్కకు వాలినాయి.
నా దెబ్బలు వాలే పక్కకు.

పుర్రచెయ్యి.

బడిలో బెత్తం తిన్న చెయ్యి,
పంక్తిలో వడ్డించబోతే
"ఆ చేత్తోనా" అనిపించుకున్న చెయ్యి.
ఎవుడప్పా నువ్వు?
ఏ రేవులో దిగినావు?
సుత్తి బొటనేలి మీద పడితే
ఏ భాషలో తిట్టుకున్నావు?

చివరి దెబ్బకాడ, బయటికి,
వడ్లగింజంత ఎత్తు మిగిలిపోయింది.
అలిసిపోయినాడో, అన్నానికి పిలిచినారో.
నాకు రెండు దెబ్బల పని.
కొట్టలేదు.
పుట్టీ పెట్టొద్దని రోడెల్‌కు చెప్పినా.
వాడు నన్నొక తూరి చూసి
నేరేడుపండు రంగు పదకొండు పూతలు వేసినాడు.

ఫిబ్రవరిలో, సముద్రం పక్కన, బండ్ల తిరునాళ్ల.
మిషారీ తెల్ల దిష్దాషా తొడిగినాడు గానీ
గోళ్లలో గ్రీసు అట్లే ఉండాది.
ఆ గోళ్లంటే నాకు గౌరవం.

బహ్రెయిన్ నుంచి వచ్చిన ముసలాయన, మార్కులేసేటోడు,
టార్చితో కిందా మీదా చూసి
చేతి తొడుగు విప్పేసినాడు.
ఎడమ తలుపు మీద చెయ్యి నడిచింది,
నిలిచింది,
వెనక్కొచ్చింది.
కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
నేను సముద్రం పక్కకు తిరిగినా.

అర మార్కుతో రెండో బహుమతి.

"యాడ?" అన్నాడు మిషారీ.
చెయ్యి పట్టుకుని తీసుకపోయి పెట్టినా.
దొరకడానికి చానాసేపు పట్టింది.
"కనపడలేదా, వదిలేసినావా?"
"వదిలేసినా."
"ఎవరిది?"
"తెల్దు."
వేలు అక్కడే ఉంచి, ఏమనకుండా,
ఎవురో ఫోటోకి పిలిస్తే పోయినాడు.

రాత్రి ఫోన్ చేసినాడు.
తిడతాడనుకున్నా.
వఫ్రాలో షెవర్లే ట్రక్కు ఉందంట,
పావురాలు కాపురముంటాయంట.
శుక్రవారం పోవాల.
గుడ్లు పొదిగే కాలం కాకుంటే మేలు.