మూడు సెకన్ల ఆకుపచ్చ

గుణుపురం బస్టాండు వెనక
మున్సిపాలిటీ వాళ్లు తెర కట్టారు.
రెండు వెదురు గడలు, ఒక తెల్ల గుడ్డ.
గాలొచ్చినప్పుడల్లా
రాజధాని మొత్తం కడుపు ఉబ్బించి
మళ్లీ లోపలికి లాక్కుంటోంది.

పక్కనే నా పునుగుల బండి.
నూనె కాగేలోపే జనం నిండిపోయారు.
ప్రపంచ కప్పు హాకీ. ఇవాళ ఆట లేదు, ఆరంభమే.
ఆ సంగతి పోలినాయుడి కొడుక్కి ఎవరూ చెప్పలేదు.
"బంతెప్పుడొస్తాది?" అని
ప్రతి దేశం జెండానీ అడుగుతున్నాడు.

దిబాకర్ పాఢీ మాస్టారు ఇంటి నుంచే కుర్చీ మోసుకొచ్చారు.
ముప్పై ఏళ్లు పిల్లల చేత డ్రిల్లు చేయించిన మనిషి.
రెండు వేల మంది ఒక్క ఒంటిలా తిరిగితే
ఆయన కన్ను పోయి నాలుగో వరస చివర ఆగింది.
ఆ పిల్ల ఎడమ కాలు ముందు ఎత్తిందట.
ఒడియాలో తిట్టారు,
తెలుగులో బాధపడ్డారు.

లైన్‌మన్ కూర్మయ్య డాన్సు చూడనే లేదు.
దీపాలు లెక్కపెట్టాడు.
సగంలో వదిలేసి
"మా పద్మపూర్ లైను దీంతో మూడు రోజులు నడుస్తాది" అన్నాడు.
ఆ గొంతులో ఉన్నది కోపమో మెప్పో
నాకిప్పటికీ తేలలేదు.

సొంబారీ గమాంగో చింతపండు అమ్మడానికి కొండ దిగింది.
ఆఖరి జీపుని కావాలనే పోనిచ్చింది.
తెర కింద అక్షరాలొస్తే ఎవరో చదివి పెట్టారు:
"ఇది మీ సవర ఆటేనట."
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, డప్పు అలా పట్టుకోరంది.
ఇంకా తర్వాత, నా వైపు తిరిగి,
"మా ఆటలో చూసేవాళ్లుండరు.
ముసలిదీ పిల్లదీ అందరూ వరసలోనే.
మరి చుట్టూ కూర్చున్న అంతమందికీ
కాళ్లు నొప్పులా?"
నేను పిండి కలుపుతూ ఉండిపోయాను.

తవిటయ్య అందరికన్నా ముందు, నేల మీద.
రెండు నెలల కిందట బరంపురం కాంట్రాక్టరొకడు
తాన్లు తాన్లు ఆకుపచ్చ గుడ్డ దింపి వెళ్లాడు.
నూట నలభై పావడాలు.
కూలి సగమే వచ్చింది, మిగతాది పండగయ్యాకట.
ఆ నెలంతా ఆయన దగ్గితే
ఆకుపచ్చ నూగు పడేదని వాళ్లావిడ చెప్పింది.
"ఇప్పుడొస్తాది, ఇదిగో ఇప్పుడు" అంటూ
పక్కవాళ్ల మోకాళ్లు గిల్లుతున్నాడు.

జెండాలైపోయాయి. ఏనుగులొచ్చాయి, గుడ్డవి.
సముద్రం వచ్చింది, అదీ గుడ్డదే.
అప్పుడు
చివర నుంచి ఒక పచ్చటి అల లేచి
గిరగిరా తిరిగి విచ్చుకుని...
కెమెరా గొడుగుల కింద పెద్దమనుషుల మీదికి తిరిగిపోయింది.
మూడు సెకన్లు. ఎక్కువ చెప్పను.

తవిటయ్య లేచి మా వైపు తిరిగాడు.
"చూశారా? కుచ్చిళ్లు చూశారా? ఒక్కటైనా జారిందా?"
ఆయన నీడ వెళ్లి తెర మీద పడింది.
అంత పెద్ద స్టేడియం నడిమధ్యన
మెడలో టేపుతో, చెదిరిన జుట్టుతో
నల్లగా నిలబడ్డాడు.
"కూకో మావా, కనబడ్డం లేదు!" అని వెనక నుంచి కేకలు.
మాస్టారొక్కరే చప్పట్లు కొట్టారు,
వరస తప్పని దేనికైనా ఆయన కొడతారు.
నా మూకుడులో వాయంతా మాడిపోయింది.

తెర మీద బాణాసంచా పేలితే
నిజం కుక్కలు పరిగెత్తాయి.
పిల్లాడు బంతి రాకుండానే నిద్రపోయాడు.
సొంబారీ బుట్ట బోర్లించి, దాని మీద తల పెట్టుకుని
బస్టాండు అరుగు మీద పడుకుంది.
కూర్మయ్య వచ్చి ప్లగ్గు పీకాడు.

గుడ్డ విప్పుతుంటే తవిటయ్య వెళ్లి
దాని అంచుని బొటనవేలితో రాసి చూశాడు.
"ఇదెవడు కట్టాడు? మడతే కుట్టలేదు, పోగులొచ్చేస్తన్నాయి.
రేపు పట్రండి, కుట్టేస్తాను."

నాలుగడుగులేసి వెనక్కి తిరిగాడు.

"డబ్బులు ముందు."