పదిహేడో పంజరం

డండీలో ఫిబ్రవరి పొద్దున్న
టే నది మీంచి లేచిన పొగమంచు
లేబు కిటికీకి తడిగుడ్డలా అతుక్కుంటుంది.
రేకుడబ్బాలో పొడి. నేల ఉసిరి, వేళ్ళతో సహా.
మూత తీస్తే చాలు,
ఏలూరు జూట్‌మిల్లు గోడ వెంట
వాన వెలిసిన మర్నాడు
చెప్పుల కింద నలిగిన వాసన.

సారం తియ్యడం నా పని.
తూకం, ఆల్కహాలు, వడపోత, ఆవిరి.
చివరికి సీసా అడుగున
పాత చింతపండులాంటి నల్లటి జిగురు.
కిలో ఆకుకి ఇంతే.
మా మామ్మ గుప్పెడు దంచి మజ్జిగలో కలిపి
పరగడుపున పట్టేది, పచ్చకామెర్లకి.
ఎన్నాళ్ళే అంటే
"కళ్ళు తెల్లబడేదాకా" అనేది.
ఇక్కడ ఎన్నాళ్ళో ముందే రాసి ఉంది:
నలభై రెండు.

ఎలుకలకి షుగరు మేమే తెప్పించాం.
అది ముందు ఒప్పుకోవాలి.
ఒక్క సూది. మూడో రోజునుంచి
నీళ్ళు తాగడమే తాగడం.
నాకు తెలుసు ఆ దాహం.
రాత్రి రెండింటికి దీపం వెయ్యకుండా
వంటింటి కుళాయికి నోరు పెట్టి తాగినవాణ్ణి.

పదిహేడో పంజరంలోది నా వేలు ఎక్కేది.
గొట్టంలోంచి మందు పడగానే
ముందుకాళ్ళతో మూతి తుడుచుకునేది,
బలవంతాన కషాయం తాగిన పిల్లాడిలా.
పేర్లు పెట్టొద్దంది ఐలీన్,
ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి.
నేను పెట్టలేదు.
పదిహేడు అనే పిలిచాను, కొంచెం ముద్దుగా.

నలభై మూడో రోజు కోత.
ఆ తర్వాతి వారం గాజుపలక మీద దాని కార్జం,
వెంట్రుక కన్నా పల్చగా, గులాబీ రంగులో.
మందు తాగని వాటిలో
కొవ్వు కరిగిపోయినచోటల్లా
జల్లెడలా తెల్లటి బెజ్జాలు.
దీన్లో వెతికితే రెండో మూడో.
"బాగుంది" అంది ఐలీన్
మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా.
బాగుందని తెలియడానికి
దాన్ని చంపాల్సొచ్చింది.

నా కార్జాన్ని ఎవరూ కొయ్యరు.
పొట్ట మీద చల్లటి జిగురు రాసి, తెర మీద చూసి,
"కాస్త తెల్లగా ఉంది" అన్నాడు స్కాను కుర్రాడు
వాతావరణం సంగతి చెప్పినట్టు.

సాయంత్రం కొత్త సీసా అడుగున
ఒక్క చుక్క మిగిలింది.
ఐలీన్ అటు తిరిగి కోటు తొడుక్కుంటోంది.
నా చూపుడువేలు వైపు చూసుకున్నాను.
ఎలుకకి పట్టింది మనిషికి పడుతుందా?
ఆ ప్రశ్నకే నాకు జీతం.
జవాబు రాకముందే నాకితే ఎలా?
ఎసిటోన్ పోసి కడిగేశాను.

ఇంటికెళ్ళి, సగానికి తగ్గించిన అన్నంలో
పప్పు కలిపి
మొదటి ముద్ద పెట్టుకున్నాను.
చేదు.
గ్లవ్సు ఎక్కడ చిరిగిందో,
గోరుకింద ఉండిపోయింది.

ఉమ్మలేదు.