సత్రం కూడు

కాశీనగర్ సంతలో ఎండుచేపల గోనె ముందు కూచుని
ఇంటిపేరు అడిగితే మా అత్త దాలమ్మ
ఒడియా వాళ్ళకి ఒకటి చెప్తుంది, తెలుగు వాళ్ళకి ఇంకొకటి.
రెండూ అబద్ధాలే.
కోడలిగా వచ్చిన పదిహేనో రోజున
బోరింగు దగ్గర ఎవరో నవ్వితే తెలిసింది నాకు,
సత్రం కూటోళ్ళట మేము.

ఎప్పటి మాటో.
వంశధారలో ఇసకే పారిన ఏడు.
చోళ్ళు మొలవలేదు. విత్తనాల బుర్రను కూడా
బోర్లించి దులిపేశారు.
మామిడి టెంకలు పగలగొట్టి, జీడి వగరు చచ్చేదాకా
చెలమ నీళ్ళలో మూడు రాత్రులు నానేసి
దంచి అంబలి కాచారు.
అదీ అయ్యాక చింతపిక్కలు.
ఆ తర్వాత ఏం తిన్నారో అత్త చెప్పదు,
నెత్తళ్ళ మీద ఈగల్ని తోలుతుంది.

రేవులో సత్రం తెరిచారు.
తెల్లదొరలని కొందరు, జమీందారని కొందరు,
సావుకారి మనవలైతే మా తాతే అంటారు.
గంగాళం మాత్రం నిజం.
వాళ్ళ పెరట్లో దూడలు అందులో కుడితి తాగుతాయి.
ఒకసారి చెయ్యి పెట్టి తడిమాను,
అంచు కిందంతా
గరిటె గీరిన గాట్లు.

మా అత్తకి అత్త, ఆమెకి అత్త,
ఆ పై అత్త పేరు బోడెమ్మ.
వండిందెవరో, పక్కన కూచుందెవరో చూడకుండా
చంకలో బిడ్డతో దోసిలి పట్టింది.
రెండో బిడ్డ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

వానలు పడ్డాయి. కులానికి ప్రాణం లేచొచ్చింది.
ఆకు వేరు చేశారు, కడవ వేరు చేశారు,
తప్పు కట్టమన్నారు.
కట్టడానికేముంది,
ఇంటిపేరు ఇచ్చేసి వచ్చారు.

మొన్న సంతలో కులపెద్ద మునిమనవడు,
బండి మీంచి దిగకుండానే,
"సత్రం కూటత్తా, కిలో ఎంత?" అన్నాడు.
అత్త కాటా ఎత్తింది. ముల్లు ఆగేదాకా చూసింది.
"ఆ యేడు తిననోళ్ళ పిల్లలు
ఎవులైనా ఉంటే పంపు నాయినా,
డబ్బులొద్దు."
వాడికి అర్థమైందో లేదో.
కొసరుకి గుప్పెడు ఎక్కువే వేసింది.

రాత్రి తిన్నాక
గిన్నె అడుగున ఒక ముద్ద ఉంచి
నీళ్ళు పోసి మూత పెడుతుంది.
ఎవరికని అడిగితే చద్దికి అంటుంది.

మా ఇంట్లో చద్ది తినేవాళ్ళు
ఎవరూ లేరు.