మారుచెవి

షార్జా రోలా సందులో నా కొట్టు.
పది దిర్హాములిస్తే ఏ తాళంచెవికైనా
రెండు నిమిషాల్లో తోబుట్టువు.
గోళ్ల సందున ఇత్తడి రజను
ఏ సబ్బుకీ లొంగదు.

రాత్రి బంకు మంచం మీద
బోధన్ సాజిద్ లాప్‌టాప్ తెరిచాడు.
నల్లటి తెర. ఒక్క వరుస కొట్టి ఎంటర్ నొక్కాడు.
ఆకురాయి చప్పుడు లేదు, రజను రాలలేదు.
ఏసీ నీళ్లు బకెట్లో పడుతుండగా
చెవుల జత పుట్టింది.

"ఇది ఊరందరికీ చెప్పొచ్చు ఓదెలన్నా,
ఇదుంది చూడు, నీ నాలిక్కి కూడా తెలియొద్దు."

అరవై నాలుగు గుర్తులు.
ఖుబ్జు కవరు వెనక రాసుకుంటూ
ఆరో, బీయో తేల్చుకోలేక
రెండుసార్లు కొట్టేసి దిద్దాను.

"పోతే?"
"పోయినట్టే. మారుచెవి ఉండదు."

ఇరవై రెండేళ్లుగా
మారుచెవుల కూడు తింటున్నవాణ్ణి.
నా పాస్‌పోర్టు అర్బాబు బీరువాలో ఉంది.
ఆ బీరువా చెవి పారేసుకుంటే
కొత్తది కోసిచ్చిందీ నేనే,
డబ్బులు కూడా అడగలేదు.

"లోపల ఎంతుంది?"
నిల్వ చూపించాడు: సున్నా.

కవరు నాలుగు మడతలేసి
దిండు గలీబులో పెట్టుకున్నాను.
సాజిద్ గురక మొదలయ్యాక
లేచి, చోటు మార్చాను.