తూకం పుస్తకం

గులాబీల లోయలో పుట్టినవాడికి
వాసన తెలియడం లేదని
ముందు పసిగట్టింది నేనే.

ఆ జూన్‌లో రాగి బాన అడుగంటి
పూలు మాడి పొగలేస్తుంటే
నెద్కో పక్కనే నిలబడి రొట్టె తింటున్నాడు.
"జలుబు" అన్నాడు.
ఏడేళ్ల జలుబు ఎక్కడైనా ఉంటుందా?

నిద్రలో తన్నేవాడు.
కలలో ఎవరో బస్తాలు ఎత్తుకుపోతున్నారట,
దొంగని కొట్టానంటూ లేచేవాడు.
దెబ్బ మాత్రం నా మోచేతికి.
ముసలాడికి పౌరుషం ముదిరిందని అక్క నవ్వింది,
నేనూ నవ్వాను.
మలబద్ధకానికి ఎండు ప్లమ్ పళ్లు నానబెట్టి పెట్టాను.
ఇవన్నీ ఒకే తాటికి పడ్డ ముళ్లని
ఎవరనుకుంటారు?

ప్లోవ్‌దివ్‌లో డాక్టర్ పెంచెవా
ముందు రక్తం అడగలేదు.
పాత చేతిరాత ఏదైనా ఉందా అంది.

ఉంది. ముప్పై ఒక్క పుస్తకాలు.
ఏ తెల్లవారుజామున ఎవరెన్ని కిలోల పూలు తెచ్చారో
ఇతను పెన్సిలుతో రాసినవి.
కొన్ని ఏరి, బల్ల మీద వరసగా తెరిచింది.

తొంభై నాలుగులో అక్షరాలు
కొమ్ములు విసిరే పొట్టేళ్లు, గీత దాటి దూకేవి.
రెండువేల పదకొండులో బుద్ధిగా దొడ్లోకొచ్చాయి.
పోయినేటివి
వరస మొదట్లో శనగలు,
చివరికొచ్చేసరికి ఆవాలు.
కాగితం కలిసొస్తోందని మెచ్చుకున్నదాన్ని నేను.

వేళ్లు తట్టమంది: కుడిచేయి పదోసారికే అలిసింది.
నడవమంది: ఎడమచేయి ఊగింది,
కుడిది ఒంటికి కుట్టేసినట్టుంది.
మోచేయి వంచితే పళ్లచక్రంలా
ఆగి ఆగి కదిలింది.

స్కానులో, మెదడు నడుమ
రెండు కామాలు వెలగాలట.
ఇతనికి ఎడమ పక్క చుక్క.
కుడి పక్క కామాకి తోక అరుగుతోంది.

పార్కిన్సన్స్ అంది.
నెద్కో అడిగింది ఒక్కటే: ఎందుకు?

వయసు, అంది ముందు.
తర్వాత తనే అడగడం మొదలెట్టింది.
పురుగుమందు?
సహకార క్షేత్రం రోజుల్లో విమానం చల్లేది,
కుర్రాళ్లం, కింద నిలబడి టోపీలు ఊపేవాళ్లం.
బావి నీళ్లు? తాగాం.
తలకి దెబ్బలు? కుస్తీలో రెండుసార్లు.
ఇంట్లో ఇంకెవరికైనా?
తాత మించో చేయి వణికేది,
అది సారాయి పని అనుకున్నాం.

"ఏది ఎంత?" అన్నాడు నెద్కో.
"విమానం ఎన్ని కిలోలు? తాత ఎన్ని కిలోలు?"

ఆమె కళ్లజోడు తీసింది.
"విడదీసి తూచే కాటా నా దగ్గర లేదు.
ఇవన్నీ ఉన్నవాళ్లు హాయిగా తిరుగుతున్నారు.
ఏవీ లేనివాళ్లు మీ కుర్చీలో కూర్చున్నారు."

అరకిలో తేడా రానివ్వని మనిషి,
బస్సులో కజన్లక్ దాకా
నాతో మాట్లాడలేదు.

ఈ మే నెల, నాలుగింటికి, మంచులో
ముల్లు చూసి అంకె చెప్పేది అతను,
రాసేది నేను.
మాత్ర వేళ దాటితే గొంతు గుసగుస అవుతుంది,
మళ్లీ చెప్పమంటాను.

మధ్యలో ఒక పువ్వు తెంపి
నా ముక్కు దగ్గర పెడతాడు, "ఎలా ఉంది?"
"నిన్నటికన్నా పలచన."
"రాత్రి వాన పడిందిగా" అంటాడు,
తనకే తెలిసినట్టు.

నావి పెద్ద అక్షరాలు.
పేజీలు తొందరగా అయిపోతున్నాయి.