రీవర్క్

షిప్‌యార్డులో పందొమ్మిదేళ్లు
వెల్డింగు అతుకులు తట్టి చూశాను.
బోలు ఎక్కడుందో చెవికే తెలిసిపోయేది.
నా ఎడమవైపు మాత్రం ఆలస్యంగా విన్నాను.

క్యాన్సరు పట్టుకుపోయిన చోట
పెట్టించుకున్న మెత్తదనం
నాలుగో ఏటికి రాయైపోయింది.
బోర్లా పడుకుంటే
పరుపుకీ నాకూ మధ్య ఎవరిదో పిడికిలి.

"మీ ఒంటి తప్పు కాదండీ,
తనది కానిదాని చుట్టూ గోడ కట్టుకుంటుంది"
అంది డాక్టరు హైమవతి.
డ్రైడాక్‌లో ఓడ అడుగు గీకినప్పుడు
రాలే ఆల్చిప్పలు గుర్తొచ్చి
నవ్వేశాను, నవ్వితే లాగింది.

మహారాణిపేట, మూడో అంతస్తు.
కిటికీలో డాల్ఫిన్స్ నోస్ సగమే,
మిగతాది ఎవరింటిదో నీళ్ల ట్యాంకు మింగింది.
గౌను ముడేస్తూ ఆమదాలవలస నర్సు:
"ఏటమ్మా, సేతులింత సల్లగున్నాయి?"

కొత్తది ఏ సైజని అడిగింది కాగితం.
చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ
వద్దు, అని రాశాను.

మెలకువ రాగానే చూపించమన్నాను.
స్టీలు గిన్నెలో, తెల్లటి పొర చుట్టుకుని,
సీరియల్ నంబరు చెరగకుండా.
నా బల్ల మీదికొస్తే
పాస్ చేసేదాన్ని కాదు.

రాత్రి హార్బరు సైరనుకి
కట్టు మీద రెండు వేళ్లతో తట్టాను.
చప్పుడేం లేదు.
నొప్పి ఉంది.
నాదే.