ఎడమచేతి మెలిక

సతుర్నీనో కారు కింద మరక ఉండదు.
అదే ఇబ్బంది.
మరకుంటే వేలు పెట్టి చూపించొచ్చు, ఇదిగో ఇక్కడని.
రోజూ గ్లాసెడు నీళ్లు మాయం.

ఎనభయ్యేడు మోడల్ టొయోటా.
ముగ్గురు యజమానులు, రెండు రంగులు,
వెనక సీట్లో ఇప్పటికీ ఎవరిదో తడి ఉన్ని వాసన.
"తాగేస్తోంది, దోన్యా సెనోబియా," అన్నాడు
సొంత తమ్ముడి గురించి చెప్పినట్టు గొంతు తగ్గించి.

ఎల్ ఆల్తోలో నీళ్లకి ఓపిక తక్కువ.
ఇంతెత్తున ఎనభయ్యారు డిగ్రీలకే మరిగిపోతాయి.
బంగాళాదుంప గంటసేపు కుతకుతలాడినా
నడిమధ్య పలుకు మిగిలే ఉంటుంది.
ఆ తొందరని అదిమిపెట్టేది రేడియేటర్ మూత.
అందుకే ముందు మూత చూశాను.
మూత బాగుంది.

రేడియేటర్లో పాత టంకం, దుమ్ము, ఒక పావురం ఈక.
పంపు కింద చిన్న కన్నం ఉంటుంది,
పంపు చచ్చేముందు ఏడ్చే కన్నం. పొడిగా ఉంది.
కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి అరచెయ్యి ఆనించాను:
కోకా ఆకులు, గుండీ, ఇరవై సెంటావోల బిళ్ల. తడి లేదు.
ఆయిల్ పుల్ల దూసి చూశాను, మీగడ కట్టలేదు.
ఆ మాట వినగానే సతుర్నీనో
టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
గాస్కెట్ పోతే రెణ్ణెల్ల కిరాయి పోయినట్టే.

చేతిపంపు తగిలించి గాలి కొట్టాను.
ముల్లు పదమూడు దగ్గర నిలబడింది.
టీ తాగొచ్చాను. పదమూడే.

"హీటర్ వేస్తే వాసనేమైనా?"
"ఆ, పొద్దున్నే. పాకం మాడినట్టు.
మూడు వీధులు దాటితే పోతుంది."
పొద్దున్నే!
ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా మహానుభావా.
బండి వదిలెయ్, అన్నాను. రాత్రంతా చలికి పడుకోనీ.

జూన్ నెల. తెల్లవారుజామున ఐదు.
ఇల్లిమాని ఇంకా ఆకాశం నుంచి విడిపోలేదు.
గ్యారేజీ తాళం వేళ్లకి అతుక్కుంది.
స్టార్ట్ చెయ్యకుండా బానెట్ ఎత్తి,
టార్చి పళ్లతో పట్టుకుని,
పుల్లకి కట్టిన అద్దం ముక్కని వెనక్కి పోనిచ్చాను.
మానిఫోల్డ్ కింద, చెయ్యి పట్టని చోట,
బొటనవేలంత గొట్టం.
దాని కొసన ఒక చుక్క,
ఆకుపచ్చగా, పడాలా వద్దా అని ఆలోచిస్తూ.

పడింది.
నేల దాకా రాలేదు. ఇంజన్ మీద సొట్టలో కూర్చుంది.
రాత్రి చలికి రబ్బరు ముడుచుకుంటే కారుతుంది,
వేడెక్కగానే ఉబ్బి నోరు మూసుకుంటుంది,
సొట్టలో సాక్ష్యాన్ని ఇంజనే ఎండబెట్టేస్తుంది.
నిన్న పగలంతా నేను
బుద్ధిమంతుడైన గొట్టాన్ని విచారించాను.

క్లాంపు లేదు. కట్టుతీగ.
పట్టకారుతో కుడికి తిప్పాను, ఎవరైనా తిప్పినట్టే.
ఊడొచ్చింది.
ఆకుపచ్చ నీళ్లు మోచేతి మీంచి చొక్కాలోకి, మంచులా.
అయ్మారాలో తిట్టాను, స్పానిష్‌లో తిట్టాను,
తరవాత ఉత్తి శబ్దాలు చేశాను.

అప్పుడు చూశాను. మెలిక ఎడమకి.

ఈ కొండ మీద తీగని ఎడమకి తిప్పిన మనిషి
నాకు తెలిసి ఒక్కడే.
ఫెర్మీన్ స్పానర్ కోసం ఎడమచెయ్యి చాపేవాడు,
నేను కుడిచేతిలో పెట్టేదాన్ని.
పదకొండేళ్లు, రోజూ అదే తిట్టు.
క్లాంపు దొరికేదాకా చాల్లే, అనుకునే కట్టి ఉంటాడు.
పోయి తొమ్మిదేళ్లు.

చుట్టుపక్కల ఎవరూ లేరు.
పట్టకారు ఎడమచేతిలోకి మార్చుకుని
ఒక చుట్టు, ఇంకో అర.
చుక్క ఆగింది.
దవడ నొప్పెట్టేదాకా టార్చి అటే పట్టుకున్నాను.

తరవాత అంతా విప్పేశాను.
కొత్త గొట్టం పద్దెనిమిది, క్లాంపు నాలుగు,
కూలి దగ్గర బేరం.
వేడి రొట్టెల పొట్లంతో వచ్చిన సతుర్నీనో
బల్ల మీద తీగ చూశాడు.
"పారేస్తావా? సైలెన్సర్ వేలాడుతోంది, కట్టుకుంటా."

ఇచ్చాను.
ఎడమకి తిప్పు, అన్నాను.
ఎందుకన్నాడు.
దానికలా అలవాటు, అన్నాను.